వ్యవసాయ విద్య – సైదాపేట నుండి రాజేంద్రనగరము వరకు

సేద్యము మన దేశములో అతి ప్రాచీనమైన విద్య. అయినను దానిని ‘విద్య’ అని పిలిచినవారు చాలకాలము లేరు. వేదము చదివినవాడు, తర్కము చదివినవాడు, లెక్కలు నేర్చినవాడు చదువుకున్నవాడైనాడు. మబ్బును చూచి వాన రాకడను, మట్టిని పిడికిట పట్టి దుక్కి అదనును చెప్పగలిగినవాడు మాత్రము చదువురానివానిగానే లెక్కకు వచ్చినాడు. తండ్రి వెనుక మేడి పట్టి నడచిన కుమారుడు ఏ కార్తెలో ఏ విత్తు వేయవలెనో, ఏ చేనికి ఎంత పెంట తోలవలెనో, ఏ మడికి ఎప్పుడు నీరు తీయవలెనో నేర్చుకొనెడివాడు. అక్కడ గురువు తండ్రి, పాఠశాల పొలము, పరీక్ష పెట్టునది వర్షము.

ఇంగ్లీషు చదువులు వచ్చిన తరువాత ఈ దూరము మరింత పెరిగినది. రైతు తన కుమారుని చదివించుట అనగా వానిని నాగలినుండి విడిపించుట అని పల్లెలలో అర్థము. ఎకరము అమ్మి చదివించిన తండ్రి తన బిడ్డ ఉద్యోగస్థుడు కావలెనని కోరినాడు గాని, చదివి వచ్చి మరల మడిలో దిగవలెనని కోరలేదు. అటువంటి సమాజములో సేద్యమునకే ఒక కాలేజీ, దానికి ఒక పట్టము అనగా ఇరుప్రక్కలా నవ్వు పుట్టినది. “పుస్తకము చూచి పైరు పెరుగునా?” అని రైతు నవ్వినాడు. “పట్టము పుచ్చుకొని పేడ ఎత్తవలెనా?” అని పట్టణవాసి నవ్వినాడు. ఈ రెండు నవ్వుల నడుమ మన వ్యవసాయ విద్య నూటయేబది సంవత్సరములకు పైగా నడచివచ్చినది. ఇది పొలముకొరకు పుట్టిన చదువా, ఉద్యోగముకొరకు పుట్టిన చదువా అను ప్రశ్న ఆ చరిత్ర పొడవునా వినవచ్చుచునే యున్నది.

ఆవిరి నాగళ్ళు

చదువుకున్నవారు రైతువద్ద నేర్చుకొనవలసినది కలదని తొలుత గుర్తించినవారిలో కొందరు విదేశీయులే. హాల్‌కాట్ అను ఆంగ్ల సైనికోద్యోగి దక్షిణ భారతదేశపు సేద్యమునుగూర్చి వ్రాసిన సంగతులు 1797లో ఇంగ్లండులో అచ్చయినవి. విత్తనమును సాళ్ళలో జారవిడుచు సాధనము ఐరోపావారు కొత్తగా కనిపెట్టినదని ఆయన అంతవరకు తలచినాడు. ఒకనాడు గుఱ్ఱముపై పోవుచు, ఒక చేనిలో రైతు అటువంటి సాధనముతోనే విత్తుచుండుట చూచినాడు. తెలుగు రైతు ‘గొర్రు’ అని పిలుచునది ఆ జాతి పనిముట్టే. కొయ్యతో, వెదురుగొట్టములతో, ఊరి వడ్రంగి చేసిన ఆ పనిముట్టును చూచి, దాని నిర్మాణమెంత సులువో ఆయన ప్రత్యేకముగా వ్రాసినాడు.

ఇది జరిగిన అరువది సంవత్సరములకు పైబడి, 1863 ప్రాంతమున, మద్రాసు గవర్నరు సర్ విలియం డెనిసన్ ఇంగ్లండునుండి ఆవిరి నాగళ్ళు, గుంటకలు, విత్తనపు యంత్రములు, నూర్పిడి యంత్రములు తెప్పించినాడు. వానిని పరీక్షించుటకు మద్రాసు ప్రక్కన సైదాపేటలో ఒక ప్రయోగ క్షేత్రము ఏర్పడినది. ఆ క్షేత్రమును ఆశ్రయించియే 1868లో వ్యవసాయ పాఠశాల వెలసినది. దక్షిణదేశములో వ్యవసాయ విద్యకు అది తొలిమెట్టు. అచ్చటివారి ఉద్దేశము మంచిదే. అయితే మన రైతు ఎందుకు అట్లు దున్నుచున్నాడో విచారింపకముందే ఎట్లు దున్నవలెనో చెప్పుటకు పూనుకొన్నారు. ఒక జత ఎడ్లు, నాలుగెకరముల మెట్ట, తలమీద అప్పు గలవానికి ఆవిరి నాగలి తిరునాళ్ళలో చూచివచ్చు వింతయే గాని పనిముట్టు కాలేదు.

ఆ రోజులలో ప్రభుత్వమునకు వ్యవసాయముపై కలిగిన శ్రద్ధ కూడ రైతును చూచి కలిగినది కాదు. అమెరికాలో అంతర్యుద్ధము వచ్చి పత్తి రాకపోగా, మాంచెస్టరు మిల్లుల యజమానులు మన నల్లరేగడి వైపు చూచినారు. లార్డు మేయో కాలమున, 1871లో, రెవెన్యూ–వ్యవసాయ–వాణిజ్య శాఖ యొకటి ఏర్పడినది. దాని కార్యదర్శి అలన్ ఆక్టేవియన్ హ్యూము. తరువాత 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు ముఖ్యకారకుడైన హ్యూము ఈయనయే. శాఖ పేరులో రెవెన్యూ ముందు, వ్యవసాయము వెనుక ఉన్నట్లే పనిలోను జరిగినది. కొలది సంవత్సరములలోనే, 1879లో, ఆ శాఖను ఎత్తివేసినారు. అదే సంవత్సరము హ్యూము భారతదేశ వ్యవసాయ సంస్కరణమునుగూర్చి పుస్తకము ప్రకటించినాడు. సచివాలయములో ఫైలు మూసినంతమాత్రమున విషయము ముగియదని ఎరిగిన ఉద్యోగి ఆయన.

ధాత కరవు తరువాత

విషయము ముగియలేదని చెప్పినది కరవు. 1876–78 సంవత్సరముల క్షామమును మనవారు ధాత కరవు అని నేటికిని చెప్పుకొందురు. బళ్ళారి, కర్నూలు, కడప మండలములలో ఊళ్ళకు ఊళ్ళు పాడుబడినవి. తరువాత నియమితమైన క్షామనివారణ కమీషను 1880లో తన నివేదికను సమర్పించుచు, ప్రతి రాష్ట్రములోను వ్యవసాయ శాఖ ఉండవలెనని సూచించినది. 1881లో కేంద్రములో ఆ శాఖను పునరుద్ధరించినారు. మన దేశములో వ్యవసాయ విజ్ఞానమునకు ప్రభుత్వము చేసిన ప్రతి పెద్ద ప్రయత్నమునకును ముందు ఒక ఆకలి కనిపించును.

1889లో ఇంగ్లండునుండి డాక్టరు వోల్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుని పిలిపించినారు. ఆయన దేశమంతయు తిరిగి, పొలములు చూచి, రైతులతో మాట్లాడి, 1893లో ఒక గొప్ప నివేదిక ప్రకటించినాడు. భారతదేశపు రైతు వెనుకబడినవాడు, మూఢుడు అను మాటను ఆయన అంగీకరింపలేదు. మంచి రైతు విషయములో మనవాడు ఆంగ్ల రైతుకు తీసిపోడని, కొన్ని పట్ల మిన్న అనియు వ్రాసినాడు. ఎక్కడ సేద్యము చెడియున్నదో అక్కడ లోపము వాని తెలివిది కాదు, నీరు, ఎరువు, పెట్టుబడి మొదలైన సదుపాయములదని తేల్చినాడు. పేడను పిడకలుచేసి కాల్చుట అజ్ఞానమువలన కాదని, వంటకు కట్టె దొరకనందువలన అని గ్రహించి, పల్లెలకు వంటచెరకు తోటలు పెంచవలెనని సూచించినాడు. రైతును నిందింపక కారణమును వెదకుట శాస్త్రమునకు లక్షణము. వోల్కర్ నివేదికనుండి మన వ్యవసాయ విద్యకు శాస్త్రదృష్టి అబ్బినదని చెప్పవచ్చును.

పూసా కథ

ఢిల్లీలోని తెలుగువారికి పూసా రోడ్డు సుపరిచితమే. కరోల్‌బాగులో కాపురమున్న మనవారెందరో నిత్యము ఆ పేరు పలికినవారే. కాని ఆ పేరు ఢిల్లీది కాదు. పూసా బీహారు రాష్ట్రములో, ఆనాటి దర్భంగా మండలములోని ఒక పల్లె. అమెరికాదేశపు ధనికుడు హెన్రీ ఫిప్స్ లార్డు కర్జనుకు ముప్పదివేల పౌనుల విరాళమిచ్చినాడు. ఆ ధనములో అధికభాగముతో, ప్రభుత్వ ధనము తోడై, పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసినది. 1905 ఏప్రిల్ 1వ తేదీన కర్జనే శంకుస్థాపన చేసినాడు. 1934 జనవరి 15న సంభవించిన బీహారు భూకంపములో ఆ కట్టడములు కూలిపోగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలివచ్చినది. ఊరు మారినను పేరు మారలేదు. నేటి భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ అదియే. 1958లో దానికి విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించినది.

కర్జను కాలపు ఉత్సాహముతోనే పూనా, కాన్పూరు, సబోరు, నాగపూరు, లాయల్‌పూరు, కోయంబత్తూరులలో వ్యవసాయ కళాశాలలు వరుసగా ఏర్పడినవి. సైదాపేట పాఠశాల 1906లో కోయంబత్తూరుకు తరలి కళాశాలగా పెరిగి, 1920లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. అప్పటినుండి సేద్యమునకు పట్టము వచ్చినది. మట్టి రసాయనము, వృక్షశాస్త్రము, కీటకశాస్త్రము, తెగుళ్ళశాస్త్రము, పశుపోషణము పాఠ్యవిషయములైనవి. కాటుక తెగులు, సుడిదోమ అని మనవారు ఎరిగిన బాధలకు కారణములను సూక్ష్మదర్శినిలో చూచు విద్య ప్రారంభమైనది.

సర్కారు మండలముల పిల్లలు, రాయలసీమ పిల్లలు ఈ చదువుకొరకు కోయంబత్తూరే పోవలసియుండెను. అయితే తెలుగునాట కాలేజీ రాకముందే పరిశోధన క్షేత్రములు వచ్చినవి. 1902లో సామర్లకోట, 1906లో నంద్యాల, 1913లో అనకాపల్లి, 1922లో గుంటూరు సమీపమున లాము, 1925లో పశ్చిమ గోదావరిలోని మారుటేరు. నంద్యాలలో పత్తి, జొన్న; అనకాపల్లిలో చెరకు; మారుటేరులో వరి. ఒక్కొక్క నేలకు తగిన పంట, ఆ పంటకు తగిన క్షేత్రము. అచ్చటి పని బయటివారికి కనబడునది కాదు. వేల మొక్కలలో ఒక మంచి మొక్కను గుర్తించుట, దాని గింజను వేరుగా విత్తుట, మరుసటి ఏడు మరల ఏరుట, ఇట్లు ఏండ్లతరబడి చేయుట. ఆ ఓర్పులో శాస్త్రజ్ఞునకును, మంచి కంకిని విత్తనమునకై చూరున కట్టిదాచు రైతునకును భేదము లేదు. శాస్త్రజ్ఞుడు తాను చూచినది లెక్కవ్రాసి పెట్టును, అంతియే.

ఉద్యోగమా, సేద్యమా?

ఇంత జరుగుచున్నను, కళాశాలలలో చేరినవారు ఎవరు, చదివి ఎక్కడికి పోయినారు అని ప్రశ్నించినచో సమాధానము సంతృప్తికరముగా లేదు. పట్టము పుచ్చుకొన్నవారిలో అధికులు వ్యవసాయ శాఖలో చేరినారు. శాఖకు ఉద్యోగులను తయారుచేయుట ఆ కళాశాలల ప్రథమ ప్రయోజనమైనది. శాఖలో ఖాళీలున్న ఏడు విద్యార్థులు వచ్చెడివారు, లేని ఏడు తగ్గెడివారు. తన పొలమునకు తిరిగి పోయి దున్నుకొన్న పట్టభద్రుడు అరుదు. దీనికి ఆ యువకులను తప్పుపట్టుట న్యాయము కాదు. పది ఎకరముల వానాధారపు మెట్ట ఇచ్చు ఆదాయముకంటె నెలజీతము స్థిరమైనది. విద్య ఫలించినది గాని, ఫలము పొలమునకు చేరలేదు.

ఈ లోపమును తొలగింప విశ్వవిద్యాలయముల వెలుపల కొందరు పూనుకొన్నారు. కవీంద్రుడు రవీంద్రనాథ టాగూరు 1906లో తన కుమారుడు రథీంద్రనాథుని అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు పంపినది న్యాయశాస్త్రమునకు కాదు, సివిలు సర్వీసుకు కాదు, వ్యవసాయ శాస్త్రమునకు. అల్లుడు నగేంద్రనాథ గంగూలీని కూడ అదే చదువుకు పంపినాడు. 1922లో శాంతినికేతనము ప్రక్కన సురుల్ గ్రామమున శ్రీనికేతనము ప్రారంభమైనపుడు, కార్నెల్ విశ్వవిద్యాలయములో వ్యవసాయము చదివిన లెనార్డు ఎల్మ్‌హర్స్ట్ దానికి సారథ్యము వహించినాడు. తెలుగునాట ఆచార్య ఎన్.జి. రంగాగారు ఆక్స్‌ఫర్డులో చదివివచ్చి, నిడుబ్రోలులో రైతు విద్యాలయము నడపినారు. అక్కడ బోధించినది ఎరువులు, విత్తనములు కాదు. శిస్తు, అప్పు, ధరలు, రైతు హక్కులు. పంట పండించుట నేర్చినంతనే చాలదు, పండిన పంట ఎవరి ఇంటికి పోవుచున్నదో తెలిసికొనవలెను అని ఆ విద్యాలయపు తత్త్వము.

1926లో లార్డు లిన్‌లిత్‌గో అధ్యక్షతన నియమితమైన రాయల్ వ్యవసాయ కమీషనులో గంగూలీ ఒక సభ్యుడు, పర్లాకిమిడి రాజావారు మరొక సభ్యులు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము మండలమునకు చేరియుండెను. 1928లో వెలువడిన ఆ కమీషను నివేదిక ఫలితముగా మరుసటి సంవత్సరము కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఏర్పడినది. పరిశోధనకు ఒక ఛత్రము లభించినది. పరిశోధన ఒక శాఖలో, బోధన మరొక చోట, రైతునకు చెప్పు పని వేరొకరి చేతిలో ఉండుట మాత్రము అట్లే నిలిచినది.

బాపట్ల, రాజేంద్రనగరము

1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకలిచే మరణించినారు. ఆ క్షామము ఒక తరమును కదిలించినది. కుంభకోణమున జన్మించిన ఎం.ఎస్. స్వామినాథన్ జంతుశాస్త్రములో పట్టము పొందియుండియు, మరల కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చేరి 1947లో రెండవ పట్టము పుచ్చుకొన్నారు. తరువాత కేంద్ర పరీక్షలలో పోలీసు సర్వీసుకు ఎంపికయ్యుండియు, దానిని కాదని జన్యుశాస్త్రమును వరించినారు. నాటి యువకునకు ఆ సర్వీసు ఎంతటి గౌరవస్థానమో ఎరిగినవారికి ఆ నిర్ణయపు విలువ తెలియును.

ఆ యుద్ధకాలపు ఆహారపు కొరతల నడుమనే తెలుగునాట వ్యవసాయ కళాశాలలు వెలసినవి. 1945లో బాపట్లలో మద్రాసు ప్రభుత్వము కళాశాల తెరచినది. మరుసటి సంవత్సరము నిజాము రాజ్యములో, హైదరాబాదు శివారున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా మరొక కళాశాల ఏర్పడినది. ఒకటి కృష్ణా కాలువల క్రింది మాగాణి నడుమ, రెండవది తెలంగాణపు చెల్క భూముల నడుమ. ఉస్మానియాలో అప్పటి బోధనాభాష ఉర్దూ, బాపట్లలో ఇంగ్లీషు. రైతు భాష రెండుచోట్లను తెలుగే. నేర్చినది నేర్చిన భాషలో చెప్పినచో వినువాడు లేడు. తెలుగులో చెప్పుటకు మాటలు వెదకుకొనవలెను. కళాశాలలో లేని ఆ మాటలు రైతు నోటనే ఉన్నవని పల్లెలలో పనిచేసిన తొలితరము ఉద్యోగులు అనుభవముతో గ్రహించినారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యా కమీషనుకు అధ్యక్షులు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. అంతకు పూర్వము 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండినవారే. ఆ కమీషను వ్యవసాయ విద్యను జాతీయ సమస్యగా పరిగణింపవలెనని, పల్లెలలోనే గ్రామీణ విశ్వవిద్యాలయములు నెలకొల్పవలెనని 1949లో సూచించినది. 1956 నుండి గాంధీగ్రామము, శ్రీనికేతనము మొదలైన చోట్ల గ్రామీణ విద్యాసంస్థలు పనిచేయ నారంభించినవి. వాని ఆశయము ఉన్నతమైనది. అయితే వారిచ్చు డిప్లొమాను పట్టముతో సమానముగా ఎంచుటకు విశ్వవిద్యాలయములు వెనుదీసినవి, ఉద్యోగమిచ్చువారు సంశయించినారు. పల్లెకొరకు పెట్టిన చదువుకు పట్టణపు ముద్ర లేనిచో విలువ లేకపోయినది.

మూడు పనులు, ఒక గూడు

ఈ చిక్కును విప్పుటకు దొరికిన నమూనా అమెరికాది. 1862లో, అంతర్యుద్ధము సాగుచుండగనే, అధ్యక్షుడు లింకన్ ఒక చట్టముపై సంతకము చేసినాడు. దాని ప్రకారము ప్రతి రాష్ట్రమునకును ప్రభుత్వభూమి కేటాయించి, ఆ భూమిపై వచ్చిన సొమ్ముతో వ్యవసాయము, యంత్రవిద్య బోధించు కళాశాలలను నెలకొల్పినారు. 1887లో మరొక చట్టము ఆ కళాశాలలకు ప్రయోగ క్షేత్రములను చేర్చినది. 1914లో ఇంకొకటి, అక్కడ కనుగొన్నదానిని రైతు గడపకు చేర్చు విస్తరణ సేవను జోడించినది. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు పనులును ఒకే గూటిలో చేరినవి. పాఠము చెప్పువాడు ప్రయోగము చేయవలెను. ప్రయోగము చేయువాడు రైతుకు జవాబు చెప్పవలెను.

1955, 1959లలో ఏర్పడిన భారత–అమెరికా సంయుక్త బృందములు ఈ పద్ధతిని మనకు సూచించినవి. 1960 నవంబరు 17న హిమాలయముల పాదమున తరాయి భూములలో, పంత్‌నగరమున తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయమును ప్రధాని నెహ్రూ ప్రారంభించినారు. దానికి తోడ్పడినది ఇల్లినాయి విశ్వవిద్యాలయము. అర్ధశతాబ్ది క్రిందట రథీంద్రనాథుడు చదివినది అక్కడే. కమ్మింగ్స్ సమితి 1962 నాటికి మిగిలిన రాష్ట్రములకు మార్గము చూపినది. ఆ సమితి అధ్యక్షుడు రాల్ఫ్ కమ్మింగ్సే తరువాత 1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరైనాడు.

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ చట్టము 1963లో వచ్చినది. విశ్వవిద్యాలయము 1964 జూన్ 12న రాజేంద్రనగరము కేంద్రముగా ఏర్పడినది. రాజేంద్రనగరము, బాపట్ల కళాశాలలు, 1961లో పుట్టిన తిరుపతి వ్యవసాయ కళాశాల, హైదరాబాదు, తిరుపతి పశువైద్య కళాశాలలు దాని గొడుగు క్రిందికి వచ్చినవి. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము సహకారమిచ్చినది. తొలి ఉపాధ్యక్షులు శ్రీ ఓ. పుల్లారెడ్డిగారు. సివిలు సర్వీసు సభ్యులుగా ఢిల్లీలో రక్షణ శాఖ కార్యదర్శి పదవిని నిర్వహించినవారు. సైన్యపు వ్యవహారములు చూచిన కార్యదర్శి పైరుపచ్చల విద్యకు పునాది వేయుటలో ఒక ఔచిత్యమున్నది. 1965 మార్చి 20న విశ్వవిద్యాలయమును లాంఛనముగా ప్రారంభించిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారే అదే సంవత్సరము ‘జై జవాన్, జై కిసాన్’ అని నినదించినారు. ఆ రోజులలో మన రేవులలో అమెరికా గోధుమ ఓడలు దిగుచుండెను. దేశపు గౌరవము పరదేశపు గింజమీద ఆధారపడియుండిన కాలమది.

గింజ చెప్పిన సాక్ష్యము

వ్యవసాయ విద్య సఫలమైనదా అను ప్రశ్నకు గింజనే సాక్ష్యమడుగవచ్చును. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారి ఐ.ఆర్. 8 వంగడమును తమ పొలమున పండించి, దాని గొప్పతనమును తోడి రైతులకు కన్నులార చూపినారు. విదేశములలో కూడ ఆయనకు ‘మిస్టర్ ఐ.ఆర్. 8’ అను పేరు వచ్చినది. శాస్త్రజ్ఞుడు నూరు ఉపన్యాసములిచ్చినను కలుగని నమ్మకము ప్రక్క పొలమువాని కుప్పను చూచినచో కలుగును.

1982లో మారుటేరునుండి ‘స్వర్ణ’ వచ్చినది. ఎం.టి.యు. 7029 అని దాని లెక్క పేరు. ఒడిస్సా, వంగదేశము, బీహారు, చివరకు సరిహద్దు దాటి బంగ్లాదేశము వరకు అది వ్యాపించినది. భాష తెలియని రైతుల పొలములలో కూడ పశ్చిమ గోదావరి విత్తనము మొలకెత్తినది. 1986లో బాపట్లనుండి ‘సాంబ మసూరి’, అనగా బి.పి.టి. 5204, వెలువడినది. దాని వంశవృక్షము చిత్రమైనది. 1921లో కోయంబత్తూరులో విడుదలైన జి.ఇ.బి. 24, తైవానునుండి వచ్చిన పొట్టి వంగడము, మలయానుండి వచ్చిన మసూరి, ఈ మూడింటి కలయిక అది. పరదేశమున కాపురమున్న తెలుగు గృహిణి ‘సన్నబియ్యము’ ఏరికోరి కొనునపుడు, ఆ గింజలో ఒక పాత కాలేజీ ఓర్పు, రెండు పరాయి దేశముల బంధుత్వము, బాపట్ల మట్టి కలిసియున్నవని తలచుకొనదగును.

అయితే ఈ సాక్ష్యమునకు మరొక పార్శ్వమున్నది. నీరున్న చోటికి విద్య త్వరగా చేరినది; వానను నమ్ముకొన్న మెట్టకు ఆలస్యముగా చేరినది. సొంత భూమి గలవాడు సలహా అడిగినాడు. కౌలుదారు, కూలివాడు అడుగలేదు. కొత్త విత్తనముతో ఎరువు, మందు, వాటితో అప్పు కూడ గడపలోనికి వచ్చినవి. ఎక్కువ పండించుట నేర్పిన విద్య, పండిన దానికి ధర కట్టుట నేర్పలేకపోయినది. నిడుబ్రోలు విద్యాలయము అడిగిన ప్రశ్న పాతబడలేదు. 1996 నవంబరు 7న, రంగాగారి జన్మదినమున, విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టినారు. ఆ ప్రశ్నను మరువవద్దని ఆ పేరు నిత్యము హెచ్చరించుచున్నదని భావింపవచ్చును.

విద్యార్థి పల్లెకు పోవుట

ఈ చరిత్ర అంతటిలోను ప్రత్యేకముగా చెప్పుకొనదగిన ప్రయత్నము రాజేంద్రనగరమునుండియే వచ్చినది. 1979–80లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము పట్టపు చదువులో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమమును ప్రవేశపెట్టినది. చివరి సంవత్సరపు విద్యార్థి పుస్తకములు మూసి పల్లెకు పోవలెను. అక్కడ ఒక రైతు కుటుంబమునకు అంటిపెట్టుకొని పంటకాలములో పెద్దభాగము గడపవలెను. నారుమడి పోసిననాడు అక్కడుండవలెను. ఊడ్పులనాడు మడిలో దిగవలెను. పురుగు పడిననాడు రైతు ముఖము చూడవలెను. ఖర్చులు, రాబడి రైతుతో కూర్చుండి లెక్కవేయవలెను. తరగతిలో మొదటి స్థానము వచ్చినవానికి కూడ ‘ఈ మందు కొనుటకు డబ్బెక్కడిది?’ అను రైతు ప్రశ్నకు వెంటనే జవాబు దొరకదు. జవాబు దొరకకపోవుటయే అక్కడి పాఠము.

తరువాత ఈ పద్ధతిని దేశములోని ఇతర వ్యవసాయ విశ్వవిద్యాలయములును స్వీకరించినవి. పట్టపు పరీక్షకు వర్షమును, రైతును కూడ పరీక్షాధికారులుగా చేర్చినట్లైనది. సైదాపేటలో ఆవిరి నాగలి తెచ్చి రైతుకు చూపిన విద్య, నూరేండ్లు గడచిన పిమ్మట విద్యార్థిని తెచ్చి రైతు ముంగిట నిలిపినది. 1974లో పాండిచ్చేరిలో తొలి కృషి విజ్ఞాన కేంద్రము తెరచుట కూడ ఈ దారిలోనిదే. ఏటేట ఉగాది ముంగిట వ్యవసాయ పంచాంగము తెలుగులో ప్రకటించుట చిన్నపనిగా కనబడును గాని, ఉర్దూ, ఇంగ్లీషుల నడుమ దారితప్పిన రైతు భాషకు అది స్థానమిచ్చినది.

2014లో రాష్ట్రము రెండైన తరువాత విశ్వవిద్యాలయమును కూడ పంచుకొన్నారు. రాజేంద్రనగరములోనిది ఆచార్య జయశంకర్‌గారి పేరిట తెలంగాణమునకు చేరగా, రంగాగారి పేరిటిది గుంటూరు దగ్గర లాముకు తరలినది. 1922నాటి ప్రయోగ క్షేత్రమునకు విశ్వవిద్యాలయపు పెద్దరికము దక్కినది. దేశములో నేడు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయములే అరువదికి పైగా ఉన్నవి. తరగతులలో ఆడపిల్లలు పెద్దసంఖ్యలో చదువుచున్నారు. నాటుట, కలుపు తీయుట, విత్తనము దాచుట తరతరములుగా స్త్రీలు చేసిన పనులే. ఆ పనులకు సంబంధించిన పట్టము వారి చేతికి వచ్చుటకు మాత్రము ఇంతకాలము పట్టినది.

వ్యవసాయ పట్టభద్రులు నేటికిని బ్యాంకులకు, ప్రభుత్వ శాఖలకు, వ్యాపార సంస్థలకు పోవుచునే యున్నారు. పోవుటలో దోషము లేదు. ఋణమిచ్చు అధికారి పొలము ఎరిగినవాడగుట రైతుకు మేలే. సచివాలయములో ధరలనుగూర్చి నోటు వ్రాయువాడు ఒక్క పంటకాలమైనను పల్లెలో నిద్రించినవాడైనచో, ఆ నోటులోని అంకెల వెనుక మనుష్యులు కనబడుదురు. మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి రెండు మూడు తరముల వెనుక ఒక మేడి, ఒక కాడి, అమ్మిన ఒక ఎకరము ఉండును. ఆ ఎకరము తెచ్చిపెట్టిన చదువు ఎక్కడ కూర్చున్నను ఆ మట్టికి బాకీపడియే యున్నది. ఆ బాకీ తీర్చుకొను మార్గములలో వ్యవసాయ విద్య ఒకటి. ఇంటిలోని అబ్బాయి గాని అమ్మాయి గాని ఆ చదువును కోరినపుడు, పెద్దలు వెనుకటి తరమువలె నవ్వక, “ఏ పంటనుగూర్చి చదువుదువు?” అని అడుగగలిగినచో అది శుభారంభము.